చెరకు, గానుగ, కాటా

నరికిన చెరకు ఎక్కువసేపు ఆగదు. మొదలు తెగిన గంట నుంచే గడలోని తీపి విరగడం మొదలవుతుంది. రోజు దాటితే బరువు తగ్గుతుంది. రెండు మూడు రోజులు దాటితే ఆ రసంతో వండిన బెల్లం సరిగా గట్టిపడదు. అందుకే అనకాపల్లి చుట్టుపక్కల పల్లెల్లో నరకడం, మోయడం, గానుగాడడం, వండడం ఒకదాని వెనక ఒకటి, మధ్యలో ఊపిరి తీసుకునే వ్యవధి లేకుండా సాగుతాయి. కాలం విలువ ఏమిటో చెరకు రైతుకు ఏ యంత్రమూ వచ్చి నేర్పలేదు. యంత్రం నేర్పింది మరొకటి: దేన్నయినా కొలవడం, కొలిచినదాన్ని పెంచుకుంటూ పోవడం.

పెట్టినదానికి ఎంత తిరిగివచ్చింది అనే లెక్కను భౌతికశాస్త్ర పుస్తకాల్లో దక్షత అంటారు. మొదట్లో ఇది ఆవిరి యంత్రాలకు చెందిన మాట. ఇంత బొగ్గు వేస్తే ఇంత పని జరిగింది, మిగిలిన వేడి వృథాగా పోయింది అని చెప్పడానికి పుట్టింది. తర్వాత పొలానికి, పనివాడికి, బడికి, ఆస్పత్రికి కూడా అదే లెక్క వచ్చింది. అది ఒక ఊరి బతుకులోకి ఎలా వస్తుందో, వచ్చి ఏమేం మారుస్తుందో చూడడానికి అనకాపల్లి బెల్లం కంటే దగ్గరి ఉదాహరణ తెలుగు నేల మీద దొరకడం కష్టం. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి ఇక్కడే ఉంది. చెరకు పరిశోధన కేంద్రం వందేళ్లకు పైగా ఇక్కడే పనిచేస్తోంది. చక్కెర ఫ్యాక్టరీలు ఇక్కడే పుట్టాయి, మూతపడ్డాయి. ఇప్పుడు ప్రత్యేక ఆర్థిక మండళ్లు (సెజ్‌లు), మందుల కంపెనీలు కూడా ఈ జిల్లాలోనే ఉన్నాయి.

గానుగతో మొదలుపెట్టాలి. ఒకప్పుడు దేశమంతటా చెరకు ఆడింది కర్రతోనో రాతితోనో చేసిన గానుగల్లోనే. 1870 దశాబ్దంలో బిహార్‌లోని బిహియా అనే చోట థామ్సన్, మిల్న్ అనే ఇద్దరు బ్రిటిషర్లు ఇనుప రోలర్ల గానుగ తయారుచేశారు. ఎడ్లే తిప్పినా అది తేలిగ్గా తిరిగేది, శుభ్రం చేయడం సులువు, ఎక్కువ రసం పిండేది. అలాంటి ఇనుప గానుగలే క్రమంగా దేశమంతా పాకాయి. ఎడ్ల గానుగ నూరు కిలోల చెరకులో సగమో, అంతకు కాస్త ఎక్కువో రసం తీసేది. తర్వాత వచ్చిన ఆయిల్ ఇంజన్, ఆ తర్వాతి కరెంటు మోటారు ఆ లెక్కను 60 కిలోల పైకి తీసుకెళ్లాయి. గానుగ అనే మాట పక్కకు పోయి పల్లెల్లో క్రషర్ అనే మాట స్థిరపడింది. ఎడ్లు రోజంతా చుట్టూ తిరిగి ఆడినదాన్ని క్రషర్ కొద్ది గంటల్లో ఆడేస్తుంది.

ఈ మార్పులో రైతుకు దక్కిన లాభం నిజమైనది. అదే చెరకుకు ఎక్కువ బెల్లం వచ్చింది. ఎడ్లకు, వాటి వెంట తిరిగే మనిషికి ఆ వెట్టి తిరుగుడు తప్పింది. అయితే ఎడ్ల గానుగ అలిసినప్పుడు ఆగేది. ఎడ్లు ఆగితే మనిషీ ఆగేవాడు. మోటారుకు అలుపు లేదు. రోలర్ల మధ్య చెరకు గడలు పెట్టే మనిషి చేతులు ఇప్పుడు మోటారు వేగంతో పోటీపడాలి. కునుకు పట్టిన ఒక్క క్షణం చాలు, గడతోపాటు వేళ్లు కూడా లోపలికి పోవడానికి. నూటికి ఎంత రసం వచ్చిందో చెప్పే లెక్కలో ఆ వేళ్లకు చోటు లేదు.

పొయ్యి దగ్గర పని మరింత సున్నితం. పిండిన రసాన్ని వడగట్టి వెడల్పాటి ఇనప పెనంలో పోస్తారు. పొయ్యిలోకి ఎండిన పిప్పి తప్ప వేరే వంటచెరకు సాధారణంగా వాడరు. ఆడిన చెరకే తనను తాను వండుకుంటుందన్నమాట. రసం సహజంగా కొంచెం పుల్లటిది, అందుకని సున్నపు తేట పోసి ఆ పులుపు విరుస్తారు. వేడెక్కేకొద్దీ మడ్డి తేలుతుంది, దాన్ని తీసేస్తూ ఉంటారు. నురగ పొంగి పెనం దాటకుండా రెండు చుక్కలు ఆముదం వేస్తారు. ఎసరు మరిగి చిక్కబడ్డాక బుడగ తీరు మారుతుంది. అప్పటివరకు గలగలమన్న ఉడుకు బరువుగా, నెమ్మదిగా, బొప్పలు బొప్పలుగా లేస్తుంది. ఆ దశలో పాకం చూసే మనిషి గరిటెతో కాస్త తీసి చల్లటి నీళ్ల గిన్నెలో జారవిడుస్తాడు. వేళ్లతో దగ్గరకు తీస్తాడు. అది నీళ్లలో చెదరకుండా ఉండకట్టి నిలిచిందా, మంట ఆపమంటాడు. థర్మామీటరు పెట్టి చూస్తే ఆ క్షణాన పాకం 116 నుంచి 118 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. రెండు మూడు డిగ్రీలు ముందే దించితే బెల్లం దిమ్మ మెత్తబడి కారుతుంది. రెండు మూడు డిగ్రీలు దాటితే మాడు వాసన, నల్ల రంగు. ఆ ఇరుకు సందును థర్మామీటరు పుట్టకముందు నుంచీ వేళ్ల కొసలతో పట్టుకుంటున్నారు.

వేడి విషయంలో మాత్రం పాత పొయ్యి దుబారా మనిషే. ఒక్క పెనం పెట్టిన పొయ్యిలో పిప్పి మంటలో చాలా భాగం పెనాన్ని తాకకుండానే పొగతోపాటు పోతుంది. ఈ నష్టాన్ని తగ్గించడానికి శాస్త్రజ్ఞులు రెండు, మూడు, నాలుగు పెనాలను వరసగా అమర్చే పొయ్యిలు రూపొందించారు. మొదటి పెనం కింది నుంచి పోయే వేడి పొగ రెండోదాన్ని, దాన్ని దాటినది మూడోదాన్ని కాస్తుంది. పిప్పి మిగులుతుంది, వండే సమయం తగ్గుతుంది. పొయ్యి ముందు పొగలో కూర్చుని మంట వేసే మనిషికీ ఇది మేలే. ఎవరి కష్టాన్నీ మరొకరి నెత్తికి మార్చకుండా దుబారాను తగ్గించిన మెరుగుదలలు కొన్ని ఉంటాయి. ఇది అందులో ఒకటి.

ఒక పాత్రలోని వేడి వృథా కాకుండా మరో పాత్రను కాయాలన్న ఈ ఆలోచనే ప్రపంచ చక్కెర పరిశ్రమను మార్చింది. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో పుట్టిన నోర్బెర్ట్ రిలియూ అనే నల్లజాతి ఇంజనీరు 1840 దశాబ్దంలో ఒక వరస పాత్రలు తయారుచేశాడు. ఒక పాత్రలో పుట్టిన ఆవిరి, గాలి ఒత్తిడి తగ్గించిన తర్వాతి పాత్రలోని రసాన్ని మరిగిస్తుంది. అంతకుముందు చెరకు తోటల్లో బానిసలు సలసల కాగే రసాన్ని గరిటెలతో ఒక కళాయి నుంచి మరో కళాయికి తోడేవారు. ఆ పనిలో కాలినవారికి లెక్కలేదు. రిలియూ యంత్రం ఇంధనాన్ని, ప్రాణాలను రెండింటినీ కాపాడింది. నేటి ప్రతి చక్కెర ఫ్యాక్టరీలోనూ ఉన్నది దాని వారసత్వమే.

తెలుగు నేలకు ఆ ఫ్యాక్టరీలు 1930 దశాబ్దంలో జోరుగా వచ్చాయి. 1932లో చక్కెర పరిశ్రమకు రక్షణ కల్పిస్తూ కేంద్ర శాసనం రావడంతో, విదేశీ చక్కెర మీద సుంకం గోడగా నిలిచి దేశంలో ఫ్యాక్టరీల సంఖ్య కొద్ది ఏళ్లలోనే కొన్ని రెట్లు పెరిగింది. అనకాపల్లి ప్రాంతంలోని ఏటికొప్పాకలో 1933లో రైతులు సహకార పద్ధతిలో తమ సొంత ఫ్యాక్టరీ స్థాపించుకున్నారు. దేశంలోని తొలి సహకార చక్కెర ఫ్యాక్టరీల్లో అది ఒకటి. తర్వాత తుమ్మపాల, గోవాడ, తాండవ వచ్చాయి. బెల్లం క్రషర్ గడలో వదిలేసే తీపిని ఫ్యాక్టరీ మిల్లు దాదాపు పూర్తిగా పిండగలదు. పిప్పితో ఆవిరి, ఆవిరితో కరెంటు, మొలాసిస్‌తో సారాయి, మడ్డితో ఎరువు. గడలో ఏదీ పారేయనక్కర్లేదు. కాగితం మీద చూస్తే బెల్లం పొయ్యికి ఫ్యాక్టరీతో పోటీయే లేదు.

కాగితం మీద లేనిది గడియారం. ఫ్యాక్టరీ రాత్రింబవళ్లు నడిస్తేనే గిట్టుబాటు, ఆగితే నష్టం. అందుకని చెరకు ఎప్పుడు నరకాలో ఫ్యాక్టరీ చెబుతుంది. దాని పేరు కటింగ్ ఆర్డర్. ఆ కాగితం రానిదే పండిన తోట ముట్టుకోకూడదు. వచ్చాక మనుషులు దొరకలేదంటే కుదరదు. ఫ్యాక్టరీ గేటు ముందు బండ్లు, ట్రాక్టర్లు బారులు తీరి నిలబడినప్పుడు ఎండలో ఆవిరయ్యే బరువు రైతుదే. ధర కూడా ఫ్యాక్టరీ సగటు మీద కట్టేదే. కేంద్రం ఏటా ప్రకటించే గిట్టుబాటు ధరకు ప్రాతిపదిక చెరకులోంచి వచ్చే చక్కెర శాతం, అంటే రికవరీ. కొన్నేళ్లుగా ఆ మూలరేటు నూటికి 10.25. కానీ ఆ శాతాన్ని ఏ రైతు చెరకుకు ఆ రైతుకు విడిగా కట్టరు, ఫ్యాక్టరీ మొత్తానికి కడతారు. మంచి తీపి చెరకు తెచ్చినవాడూ, నాసి చెరకు తెచ్చినవాడూ అదే ధర తీసుకుని వెళ్తారు. చెరకు తోలిన 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు చెబుతున్నా, బకాయిలు నెలల తరబడి ఉండడం రాష్ట్రమంతటా రైతులకు అనుభవమే. బెల్లం వండుకునే రైతుకు తీపిలో కొంత పిప్పిలోనే పోతుంది. కానీ నరికే రోజు అతనిది, అమ్మే రోజు అతనిది, డబ్బు త్వరగా చేతికొస్తుంది. ఆ స్వేచ్ఛకు వెల కట్టి లెక్కలో కలిపితే ఏది ఎక్కువ దక్షమో చెప్పడం అంత తేలిక కాదు. ఈ ప్రాంతంలో తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ ఫ్యాక్టరీల పొగగొట్టాలు చల్లబడిన తర్వాత కూడా పల్లెల్లో బెల్లం పొయ్యిలు రాజుతూనే ఉన్నాయి.

అనకాపల్లిలో చెరకు పరిశోధన 1913లో మొదలైంది. అదే ఏడాది అమెరికాలో హెన్రీ ఫోర్డ్ తన కార్ల ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను పెట్టాడు. ఒక కారు చాసిస్ బిగించడానికి అంతకుముందు 12 గంటలకు పైగా పట్టేది. కొద్ది నెలల్లో అది గంటన్నరకు దిగింది. రెండేళ్ల ముందే, 1911లో, ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజనీరు పనివాడి ప్రతి కదలికనూ స్టాప్‌వాచ్‌తో కొలిచి, అనవసరమైనదాన్ని కోసేయాలంటూ పుస్తకం రాశాడు. పని ఎలా చేయాలో ఆలోచించేవాడు ఒకడు, ఆలోచించకుండా చేసేవాడు మరొకడు అనే విభజన అక్కడి నుంచి లోకమంతా పాకింది.

అనకాపల్లి శాస్త్రజ్ఞులు చేసిన పని వేరే రకం. కొయంబత్తూరు చెరకు ప్రజనన సంస్థలో జరిగిన సంకరాల నుంచి ఉత్తర కోస్తా నేలలకు తగిన రకాలను ఎంచి, పరీక్షించి, విడుదల చేశారు. 87 ఎ 298 అనే రకం, విశ్వామిత్ర అన్న పేరుతో, రైతుల నోట్లో బాగా నానింది. ఆ అంకెల పక్కనున్న ‘ఎ’ అనకాపల్లిదే. ఎర్రకుళ్లు తెగులును తట్టుకోవాలి, నీటి ఎద్దడిని తట్టుకోవాలి, పడిపోకూడదు, మోడు నుంచి మళ్లీ బాగా రావాలి, బెల్లం బాగా రావాలి. ఇన్ని గుణాలూ ఒక్క మొక్కలో కుదరాలంటే ఒక్క అంకెను పట్టుకుని పరుగెత్తితే కుదరదు. టన్నులు పెంచితే తీపి తగ్గవచ్చు, తీపి పెంచితే తెగులు రావచ్చు. మంచి పరిశోధన ఈ తూకాలన్నిటినీ ఒకేసారి పట్టుకోవాలి. పెంచడం అనే మాటకు ఉన్న నిజమైన బరువు అక్కడే తెలుస్తుంది.

ఆ బరువు మార్కెట్లో కనిపించదు. అనకాపల్లి మార్కెట్ యార్డులో తెల్లవారితే దిమ్మలు వరసగా పేర్చి ఉంటాయి. వర్తకుడు వరస వెంట నడుస్తాడు, ఒక దిమ్మ అంచు విరిచి వెలుతురులో చూస్తాడు. బంగారు పసుపు రంగులో మెరిస్తే మొదటి రకం. కాస్త ఎరుపు తిరిగితే రెండో రకం. నల్లగా ఉంటే మూడో రకం, దాని ధర కిందికి పడిపోతుంది. నమలడం, వాసన చూడడం కంటే కంటితో చూడడమే త్వరగా అయ్యే పని. వేల దిమ్మలు ఒక్క పూటలో అమ్ముడుపోవాలంటే కన్నే సులువైన కొలత. అలా రంగే నాణ్యత అయింది.

కొలత ఏదైతే, పని దాని వెంటే పోతుంది. సున్నపు తేటతో, బెండ కాడల జిగురుతో మడ్డి తీసి రంగు తేవాలంటే ఓపిక, అనుభవం, మంచి చెరకు కావాలి. ఉప్పు నేలలో పెరిగిన చెరకుకు ఎంత ఓపిక పట్టినా ఆ రంగు రాదు. దానికి బదులు పెనంలో గుప్పెడు హైడ్రోస్ వేస్తే క్షణాల్లో నల్లటి పాకం పసుపుపచ్చగా మారుతుంది. హైడ్రోస్ అంటే సోడియం హైడ్రోసల్ఫైట్, బట్టల రంగు తీయడానికి వాడే రసాయనం. దాని గంధకం అవశేషాలు బెల్లంలో మిగులుతాయి. ఆహార నిబంధనలు వాటికి హద్దు పెట్టాయి, శాస్త్రజ్ఞులు వద్దని ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. ఇందులో విచారించాల్సిన సంగతి మరొకటుంది. ఆ తెచ్చిపెట్టుకున్న రంగు నిలవదు. నిల్వలో కొన్ని వారాలకే దిమ్మ మళ్లీ నల్లబడుతుంది. అప్పటికి అది కాటా దాటి, లారీ ఎక్కి, ఏ ఒడిశాకో బెంగాలుకో చేరి ఉంటుంది. రైతు మోసగాడై ఇలా చేయలేదు. తన బెల్లం తినడానికి మంచిదని అతనికి తెలుసు. దాన్ని కంటితో చూసి వెలకట్టే చోట అమ్ముకోవాలనీ అతనికి తెలుసు. ఆధునిక సమాజంలో కొలతల ఇబ్బంది మొత్తం ఆ ఒక్క దిమ్మ అంచులో ఉంది. మార్కులు చదువుకు కొలత అయినప్పుడు కోచింగ్ పుడుతుంది, రంగు బెల్లానికి కొలత అయినప్పుడు హైడ్రోస్ పుడుతుంది.

2016 ఏప్రిల్ 14న కేంద్ర ప్రభుత్వం ఈ-నామ్ అనే జాతీయ ఎలక్ట్రానిక్ మార్కెట్ ప్రారంభించింది. అనకాపల్లినీ అందులో చేర్చారు. ఎక్కడి వర్తకుడైనా తెర మీద సరుకు చూసి పాట పాడవచ్చు, పోటీ పెరిగి రైతుకు ధర వస్తుంది, డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది అన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిది. ఐతే ధాన్యానికి తేమ శాతం, పత్తికి పింజె పొడవు కొలిచినట్టు బెల్లాన్ని ఒక అంకెలోకి దించడం సులువు కాదు. ఒక రైతు దిమ్మకూ మరో రైతు దిమ్మకూ, ఒకే రైతు పొద్దున వండినదానికీ రాత్రి వండినదానికీ తేడా ఉంటుంది. వెలుతురులో అంచు విరిచి చూసే అలవాటుకు తెర మీది బొమ్మ సాటిరాదు. మార్కెట్ అంటే సరుకూ ధరా మాత్రమే కాదు. తూకం వేసే కొలగార్లు, దిమ్మలు మోసే కళాసీలు, చెరకు వేయకముందే రైతుకు పెట్టుబడి ఇచ్చి, పెళ్లికో జబ్బుకో చేబదులిచ్చే వర్తకుడు, అందరూ కలిసినదే మార్కెట్. ఆ వర్తకుడి వడ్డీ భారమే. కానీ అర్ధరాత్రి తలుపు తట్టినా పలికేది అతనే. అతన్ని దాటుకుని పోయే ఏ వ్యవస్థకైనా అతను చేసే ఆ పనిని ఎవరు చేస్తారో చెప్పాల్సిన బాధ్యత ఉంది.

పొదుపు చేసినది ఎక్కడికి పోతుంది అన్న ప్రశ్న కూడా పాతదే. 1865లో విలియం స్టాన్లీ జెవాన్స్ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త ఒక విచిత్రాన్ని గమనించాడు. ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో నడవడం నేర్చుకున్నకొద్దీ దేశంలో బొగ్గు వాడకం తగ్గలేదు, పెరిగింది. చవకైనదాన్ని అందరూ వాడతారు, కొత్త చోట్ల వాడతారు. ఆంధ్ర పల్లెల్లో దీన్ని బోరు మోటారు దగ్గర చూడవచ్చు. కపిల తోలి ఎడ్లతో నీళ్లు తోడిన రోజుల్లో బావికి ఎడ్ల ఓపికే కావలి. మోటారు వచ్చింది, 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితమైంది. రాత్రి ఏ వేళ కరెంటు వస్తుందో తెలియని రోజుల్లో రైతు మోటారుకు ఆటో స్టార్టరు బిగించి పడుకునేవాడు. కరెంటు వచ్చినప్పుడు అదే తిరిగేది, చేను తడిసినా తిరుగుతూనే ఉండేది. నీరు తోడే కష్టం పోయినచోట నీటి మట్టం దిగింది. తర్వాత వచ్చిన డ్రిప్ సేద్యం ప్రతి మొక్కకూ చుక్కలు లెక్కగట్టి ఇస్తుంది, నిజంగా నీరు ఆదా చేస్తుంది. ఆ ఆదాతో పక్క ఎకరం కూడా తడిపితే మొత్తం తోడిన నీరు అంతే.

మనుషుల విషయంలో లెక్క మరింత సూటిగా ఉంది. చెరకు మనుషులను తినే పంట. నాటడం, కలుపు తీయడం, ఆకులు మెలేసి గడలకు జడచుట్టు కట్టడం, నరకడం, అన్నిటికీ చేతులు కావాలి. ఆ చేతులు ఇప్పుడు పరిశ్రమలున్న అచ్యుతాపురం, పరవాడ వైపు బస్సెక్కుతున్నాయి. అచ్యుతాపురంలో వెయ్యి ఎకరాల దుస్తుల పరిశ్రమ నగరంలో ఎక్కువగా పనిచేసేది చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలే. దుస్తుల తయారీలో ప్రపంచమంతటా ఒకటే పద్ధతి: ఒక చొక్కాను డజన్లకొద్దీ చిన్న పనులుగా విడగొడతారు, ఒక్కో కుట్టుకు ఇన్ని సెకన్లని లెక్క ఉంటుంది. టేలర్ స్టాప్‌వాచ్ వందేళ్లు నడిచి వచ్చి ఆగిన చోటు అది. అయినా చెరకు తోటలో లేనివి కొన్ని అక్కడున్నాయి. నెల తిరిగితే జీతం, పీఎఫ్, నెత్తిన నీడ, సొంత ఖాతాలో సొంత డబ్బు. ఆకు కోతకు చేతులు చీరుకుపోయిన తల్లి తన కూతురు ఆ బస్సెక్కినందుకు సంతోషించడంలో న్యాయముంది. రైతుకు మాత్రం కోత మనుషులు దొరకడం లేదు, కూలి ఖర్చు బెల్లం ధరను దాటుతోంది. చెరకు తీసేసి సరుగుడో జీడిమామిడో వేసినవారు చాలామంది. మార్కెట్‌కు వచ్చే దిమ్మలు ఏటేటా తగ్గుతున్నాయి.

పరిశ్రమ లెక్కలో పట్టనిది ఏమిటో 2024 ఆగస్టు 21న జిల్లా చూసింది. అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఔషధ కర్మాగారంలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. ఉత్పత్తికి రోజుకో అంకె ఉంటుంది. ప్రమాదం జరగని రోజుకు అంకె ఉండదు. భద్రత మీద పెట్టిన ఖర్చు ఫలితం ఏమీ జరగకపోవడమే కాబట్టి, పొదుపు చేయాలనుకున్నప్పుడు చూపు ముందు అటే పోతుంది. అటు పోకుండా ఆపేది తనిఖీ, చట్టం, కార్మికుల నోరు. ఈ మూడూ బతికి ఉండాలి.

ఇదే జిల్లాలో, వరాహ నది ఒడ్డున, ఏటికొప్పాక లక్కబొమ్మల కథ మరో దారి. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ ఉలితో చెక్కి, తిరుగుతుండగానే లక్క కర్ర ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి రంగు అంటుకుంటుంది. ఒకప్పుడు ఒక మనిషి తాడు లాగి తిప్పితే మరో మనిషి చెక్కేవాడు. ఇప్పుడు తిప్పే పని మోటారుది. చెక్కే చెయ్యి మాత్రం చెయ్యిగానే మిగిలింది. రంగుల్లో మాత్రం చవకైన, తొందరగా దొరికే రసాయనాలు వచ్చిపడ్డాయి. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మల మీద వాటిని వాడకూడదని పట్టుబట్టి, చెట్ల ఆకులు, గింజలు, బెరళ్ల నుంచి తీసే రంగులను ఏటికొప్పాక కళాకారుడు సి.వి. రాజు మళ్లీ నిలబెట్టారు. అవి తయారు చేయడం ఆలస్యం, ఖర్చు ఎక్కువ. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2023లో రాజుకు పద్మశ్రీ వచ్చింది. మోటారును ఒప్పుకుని, రసాయన రంగును తోసిపుచ్చిన ఊరు అది. ఏ యంత్రం కావాలో ఏది వద్దో విడివిడిగా తేల్చుకుంది.

బెల్లంలోనూ అలాంటి తేల్చుకోవడం మొదలైంది. రసాయనం వేయకుండా వండిన ముదురు రంగు బెల్లాన్ని, బెల్లం పొడిని, చిన్న అచ్చులను పట్టణాల్లో ఎక్కువ ధర పెట్టి కొనేవారు పెరిగారు. పొడికి పాకం ఇంకాస్త ముదరాలి, 120 డిగ్రీలు దాటాలి, ఆరేటప్పుడు తెడ్డుతో ఆపకుండా రుద్దాలి. ఆ వేడిని పట్టుకోవడానికి కొందరు పెనం పక్కన థర్మామీటరు పెట్టుకుంటున్నారు, నీళ్ల గిన్నెనూ పక్కనే ఉంచుకుంటున్నారు. విశాఖపట్నంలో, హైదరాబాద్‌లో కొనేవాళ్లు నల్లటి బెల్లం ఏరుకుంటారు. అనకాపల్లి యార్డులో తెల్లవారి పాటలో ఇప్పటికీ ఎక్కువ ధర పలికేది పసుపు దిమ్మకే.